చేప గొడుగు

సిరొంచ బడిలో నేను నేర్చినవి
నెత్తి మీద గీత ఉన్న అక్షరాలు.
దండెం మీద ఆరేసిన బట్టల్లెక్క
వరుసగా వేలాడేటివి.
ఇంట్ల మాట్లాడే మాటకు మాత్రం
అక్షరం ఎట్లుంటదో నాకు తెల్వదు.
ఇప్పటికీ తెల్వదు.

శివరాత్రికి పడవెక్కి ఏరు దాటి
కాళేశ్వరం జాతర నుంచి
మా చిన్నమ్మ లచ్చుబాయి తెచ్చిన పుస్తకంల
అన్నీ గుండ్రటి రాతలు,
చాట జారి జొన్నలొలికినట్టు.
బొమ్మలు ఎనిమిది.
అచ్చేసినోడు తొందరపడ్డట్టున్నడు,
రంగు గీతల కుదరక వేలెడు పక్కకు జరిగింది.
చేప ఒక దగ్గర, దాని ఎరుపు ఒక దగ్గర.

గొడుగు కొననీకి అంగడికి పోయిన చేప కథ అది.
తోక మీద నడుస్తది.
కొంగతోని బేరమాడుతది.
పొలుసులు ఒక్కొక్కటే ఊడదీసి పైసలిస్తది.
చిన్నమ్మ తునికాకు కట్టలు కట్టుకుంటనే చదివేది.
పేజీ నేను తిప్పాలె.

"నీళ్ళల్ల ఉండేదానికి గొడుగెందుకే?"
"ఏటి నీళ్ళు దానియి.
వాన నీళ్ళు ఎవలియో ఏమో!"

ఒకరోజు కొంగ మంచిది.
ఒకరోజు చిల్లు గొడుగు అంటగట్టే దొంగది.
ఒకరోజు ఉద్దెరకిచ్చి
ఏడాదంత ఒడ్డు మీద ఒంటికాలితో కాపలా కాసింది.
కథ ఎందుకు మారుతదని నేనడగలే.
రాత్రిపూట అక్షరాలు అటూ ఇటూ జరుగుతయనుకున్న.

పదమూడేండ్లున్నప్పుడు, బ్యాంకుల,
చిన్నమ్మ వేలిముద్ర వేస్తుంటే
సిరా మెత్త నేనే పట్టుకున్న.
ఆమె నా దిక్కు చూడలే.
నేను ఆ బొటనవేలు కొంగుతోని తుడిచి
బయట ఇద్దరికి చెరుకురసం చెప్పిన.

ప్రాణహిత ఇంట్లకొచ్చిన ఏడు
పిండి డబ్బా, రెండు మేకలు, ఆ పుస్తకం పోయినయి.
మేకల గురించే ఏడ్చినం.

ఇప్పుడు బొంత కుడుతున్న.
పక్కింటి గంగూతాయి దీన్ని గోధడి అంటది.
ఏరుకు చిన్నమ్మ నీలం చీర.
ఒడ్డుకు యూరియా సంచి వేసి చూసి,
గరగరమంటదని ఊడదీసిన.
కొంగకు ఎలక్షన్ల పంచిన తెల్ల తువ్వాల,
దాని కాళ్ళకు బూటు లేసులు.
చేప ఎరుపు నా పాత లంగా.
గీత నల్లదారంతో కుట్టి,
ఎరుపు కావాలనే వేలెడు పక్కకు జరిపిన.
గంగూతాయి చూసి, తప్పు పడ్డది, విప్పమన్నది.
విప్పలే.

గొడుగుకు గొడుగే.
పోయిన వానల ఊసలిరిగిన నల్లది.
ఆ గుడ్డ సూదికి లొంగదు,
రెండు సూదులు మింగింది.

చిన్నమ్మకు చూపు మందగించింది.
మంచం మీద కూసుండి వేళ్ళతోనే తడుముతది.
లేసుల కాడ ఆగి అడిగింది,
"ఇయ్యాల ఏ కొంగనే?"
నాకింకా తెల్వదన్న.

నిన్న రాత్రి మొదటిసారి కప్పిన.
నాలుగేండ్ల మా సుదర్శన్
తెల్లారేసరికి ఏరంత తడిపి పెట్టిండు.
కొంగ తడిసింది. ఒడ్డు తడిసింది.
చేప, బయటికొచ్చిన దాని ఎరుపు, రెండూ తడిసినయి.
తిట్టుకుంట దండెం మీదికి ఎత్తుతుంటే
ఒక్క గొడుగు పొడిగ తగిలింది చేతికి.

చిన్నమ్మను నడిపించుకొచ్చి
ఆమె బొటనవేలు దాని మీద పెట్టిన.
చానాసేపు తియ్యలే.
తర్వాత ముక్కు మూసుకొని అన్నది,
"అయితే కొంగ మోసం జెయ్యలేదన్నట్టే."