పోగు

నారాయణపేట దవాఖాన, మూడో నంబరు గది.
పన్ను పీకించుకున్న తాయప్ప
రాత్రి నుంచి ఎర్రగ ఉమ్ముతనే ఉన్నడు.
వేలు పొడిచి, సన్న గాజుగొట్టంల నెత్తురు పట్టి
అర నిమిషానికోపారి కొస విరుస్తున్న.

విరిచిన రెండు ముక్కల నడుమ
పోగు సాగాలె.
మగ్గం గుంట పక్కన పెరిగినోణ్ణి,
బూడిదద్ది తెగిన పోగులు అతికిన వేళ్లు నావి,
ఇంత సన్నపు నూలు ఏ కండెలనూ చూడలే.

మూడు నిమిషాలు. ఐదు.
టక్. ఏం లేదు.
ఎనిమిది.

గోడకు ఒరిగి మాణెమ్మ అడిగింది,
"ఏమైతుంది సారూ?"

ఎట్ల చెప్పాలె.
"స్లాబు పనికి పోతవు గదా,
కిందికెళ్లి పైదాంక వరుసగ నిలబడి
తట్ట చేతులు మారుస్తరు గదా.
నెత్తుట్ల గూడ గసొంటిదే ఒక వరుస.
గాయమైందని కేకేస్తే
ఒకడు లేచి ఇంకొకణ్ణి లేపుతడు,
జర్ర సున్నం కలుస్తది,
ఆఖరోడు వల నేస్తడు.
నీ కొడుకు వరుసల ఎవడో ఒకడు లేడు.
ఎనిమిదోడో, తొమ్మిదోడో.
పెద్ద దవాఖానల తేలుస్తరు,
వాని బదులు సూది ఇస్తరు."

ఆమె చాలాసేపు తన అరచేతులు చూసుకుంది.
"మా అన్న గిట్లనే పోయిండు,
కొడవలి గీసుకొని.
మొక్కు తప్పిందనుకున్నది మా అమ్మ."

పాలమూరుకు చీటీ రాసి
గుండుసూది గుచ్చబోతే నా వేలికే దిగింది.
ఒక్క బొట్టు.
లెక్కపెట్టకముందే ఆగిపోయింది.

చెయ్యి బల్ల కింద దాచుకున్న.