ఎడమ చెవి

మే నెల చివరి వారం. బెజవాడ, రాణిగారితోట.
ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి రావడం లేదు.
నా ముందు నాలుగు పేజీల ఫారం,
రంగుల చెక్క ముక్కలు, మొద్దు కత్తెర,
ఒక పూస, ఒక దారం.

కరుణమ్మ బస్టాండులో ఊడుస్తుంది,
తెల్లారుజాము డ్యూటీ.
ఆమె మోచేతి కింద నుంచి
ఏలియా ఒక కంటితో నన్ను చూస్తున్నాడు,
పరీక్షకి వచ్చింది నేనే అయినట్టు.

వయసెంతమ్మా?
"దసరా రద్దీలో పుట్టాడండీ.
వారధి దగ్గర పోలీసులు ఆపేస్తే ఆటోలోనే.
మైకులో ఎవరో తప్పిపోయిన పిల్లాడి పేరు చదువుతున్నారు.
ఆ పేరే పెడదామన్నాడు మా ఆయన.
వాడు దొరికాడో లేదో అని నేనే వద్దన్నాను."
ఆధార్‌లో మాత్రం జనవరి ఒకటి.
ఈ కరకట్ట వెంబడి సగం మంది
జనవరి ఒకటినే పుట్టారు.

ఇది ఏ రంగు?
మాట లేదు.
ఇది?
ఆకుపచ్చ చెక్కని తీసుకుని
వాసన చూసి, నా వైపు తోశాడు.
పది దాకా లెక్కపెడతావా?
ముందు తల్లి పెదాలు కదిలాయి.
"ఇంట్లో ముప్పై దాకా చెబుతాడండీ,
బస్సు నంబర్లు కూడా. ఏరా, చెప్పరా.
మొన్న చెప్పావుగా. చెప్పరా అయ్యా."
వాడి వీపు మీద ఆమె అరచెయ్యి
మెల్లగా, గట్టిగా, మళ్ళీ మెల్లగా.

ఆ చెయ్యి నాకు తెలుసు.

తెనాలి దగ్గర మా బడిలో హెడ్మాస్టరు
ఫారాలు ఎరగడు.
కుడి చెయ్యి నెత్తి మీదుగా తిప్పి
ఎడమ చెవి పట్టుకోమనేవాడు.
అందితే ఒకటో తరగతి. అందకపోతే ఇంటికి.
నాకు రెండు అంగుళాలు తక్కువ.
మా నాన్న జడ సవరిస్తున్నట్టు వంగి
నా మోచేతిని వెనక నుంచి ఎగదోశాడు.
వేలి కొస చెవి తమ్మెకి తగిలింది.
"రాయవోయ్ పేరు" అన్నాడాయన.
ఆ ఏడాదంతా చివరి వరుసలో
చాప అంచు పీకుతూ కూర్చున్నాను.
మూడుసార్లు పావడా తడిపాను.
అక్షరాలు నా తల మీంచి
కాకుల్లా పోయేవి.
నాన్నది తప్పని ఎప్పుడూ అనలేదు.
ఒప్పని కూడా.
పొలానికి పోయే వేళకి
నన్నెక్కడో ఒకచోట దింపాలిగా ఆయన.

ఫారం అడుగుతుంది:
బొత్తాం పెట్టుకోగలడా,
ఒంటికి వస్తే చెప్పగలడా,
అమ్మ కనపడకపోతే ఎంతసేపు ఓర్చుకోగలడు.
అవును, కాదు, ఒక్కోసారి.
ఒక్కోసారి అన్న గడిలోనే నా పెన్సిళ్ళు
ఇరవై రెండేళ్ళుగా అరుగుతున్నాయి.

పూస ఇచ్చాను. దారం ఇచ్చాను.
మొదటిసారి జారింది.
రెండోసారి కొసని నోట్లో పెట్టి తడిపాడు,
ఎవరు నేర్పారో.
నాలుగోసారి ఎక్కింది.
నవ్వలేదు. తీసేసి మళ్ళీ గుచ్చాడు.
నేనుగానీ తల్లిగానీ ఆ గదిలో లేనట్టే,
కాసేపు.
కరుణమ్మ చెయ్యి వాడి వీపు మీంచి ఎప్పుడు జారిందో
ఆమె చూసుకోలేదు. నేను చూశాను.

"అమ్మా, బయటికెళ్ళి కాసిని నీళ్ళు తాగిరా."
గుమ్మం దాటిందో లేదో
పూస కింద పడింది, ఏడుపు లంకించుకున్నాడు,
మెడ నరాలు ఉబ్బేదాకా.
పరుగున వచ్చి ఎత్తుకుంది. నా వైపు చూడలేదు.
"పోయిందాండీ సీటు?"

ఎందుకో, ఫారం పక్కకి జరిపి
"ఏలియా, చెవి పట్టుకో నాన్నా, ఇలా" అని
నా తల మీదుగా చెయ్యి తిప్పి చూపించాను.
వాడు కాస్త ఆలోచించి
వాళ్ళమ్మ చెవి పట్టుకున్నాడు.

మోచెయ్యి తొయ్యలేను.
ఇంటికి పొమ్మనీ అనలేను.
"సోమవారం తీసుకురా. పది నిమిషాలు నువ్వు గేటు బయట.
మంగళవారం పదిహేను."
"డ్యూటీ ఉంటదండీ నాకు."
"డ్యూటీ దిగాకే రా."
"పదిహేను ఆగినోడు ఇరవై ఆగుతాడంటారా?"
నిజానికి నాకు తెలియదు.
ఒక్కోసారి, అన్నాను.

వాళ్ళు వెళ్ళాక పూస కోసం బల్ల కిందికి వంగాను.
దారమే ఉంది.
కిటికీ అవతల,
కుడి చెప్పు ఎడమకి, ఎడమది కుడికి వేసుకుని
ఒక గుప్పిట గట్టిగా మూసుకుని
ఏలియా గేటు దాకా బాగానే నడిచాడు.