పంటు వచ్చేలోగా

మెడలో కెమెరా వేసుకుని అతనొచ్చాక
మాధవాయిపాలెం రేవులో
ఒక్కరూ మునుపటిలా నిలబడలేదు.

టీకొట్టు వీర్రాఘవులు ఎగ్గట్టిన పంచె దించాడు.
అప్పటిదాకా బస్తా మీద కునుకు తీస్తున్న లేసు ఏజెంటు
లేచి, పొట్ట లోపలికి పీల్చి,
ఏదో పనున్నట్టు గోదారికేసి చూడ్డం మొదలెట్టాడు.
పిల్లలు సరేసరి, రెండేసి వేళ్లు పైకెత్తి.

నేనూ అంతే. అబద్ధమెందుకు.
బుట్టలో ఎండు మెత్తళ్ల మీద ఈగల్ని తోలే చెయ్యి
ఉన్నట్టుండి నాది కాకుండా పోయింది.
ఇరవయ్యేళ్లుగా తోల్తున్నాను,
ఎలా తోలేదాన్నో గుర్తు రాలేదు.

"మామూలుగా ఉండండమ్మా" అన్నాడు.
మామూలంటే ఏటో
అతను అడిగేదాకా నాకు తెలుసు.

నూకరత్నం మాత్రం చెంగు మొహమ్మీదికి లాక్కుంది.
అప్పులోళ్లకి చిక్కకుండా
ఏ ఊళ్లో ఉన్నట్టు చెప్పుకుందో పాపం.
అతను అందర్నీ వదిలి ఆవిణ్నే తీశాడు.
మూడు టిక్కులు.
మూడుసార్లు ఆవిడ భుజం ఉలిక్కిపడింది.

వద్దు బాబూ అనాల్సింది నేను.
నావైపు ఎప్పుడు తిరుగుతాడా అని
జుట్టు సర్దుకుంటూ కూర్చున్నాను.

పంటు వచ్చింది.
మోటారుసైకిళ్లూ మేకలూ ఒక్కసారే దిగాయి.
అతను ఎక్కి సఖినేటిపల్లి వైపు పోయాడు.
వీర్రాఘవులు పంచె మళ్లీ ఎగ్గట్టాడు.
నూకరత్నం చెంగు తియ్యలేదు.

రాత్రి ఇంటి దగ్గర
కంచం మీద వాలిన ఈగని తోలాను,
ఎవరూ లేరు,
అయినా కాస్త నెమ్మదిగా,
కాస్త అందంగా.