స్కైద్రీటె చేతుల పట్టిక

రోయా రేవులో చేపల డబ్బాల కార్ఖానా.
నా పని, చేతులకు లెక్క రాయడం.
మెడలో స్టాప్‌వాచ్, చంకలో గళ్ల పుస్తకం,
మూడో బల్ల దగ్గర, స్కైద్రీటె భుజం వెనక
రెండు చలికాలాలు నిలబడ్డాను.

పొగబెట్టిన చిట్టి చేపలు, పాత ఇత్తడి రంగువి.
తల కత్తిరించి, తోక కత్తిరించి
ఒకటి ఇటు, ఒకటి అటు
డబ్బాలో పక్కపక్కనే పడుకోబెట్టాలి.
పంతొమ్మిదేళ్లుగా అదే చెయ్యి, అదే బల్ల, అదే కొలత డబ్బా.
మరి అంకెలు చూడండి:
నలభై ఒకటి. ముప్పై ఎనిమిది. నలభై.
యాభై రెండు.

యాభై రెండేమిటి?
చేప మారలేదు. కత్తెర మారలేదు.
ఆమె ఆవులించనైనా లేదు.

మేనేజరు ఊల్డిస్ గారికి కారణం కావాలి.
గీత తిన్నగా సాగకపోతే ఆయనకు అన్నం సయించదు.
బియ్యంలో రాళ్లేరినట్టు కారణాలు ఏరాను.
సోమవారం బద్ధకం అనుకున్నాను,
సోమవారాలే దివ్యంగా ఉన్నాయి.
జీతాల మర్నాడు అనుకున్నాను,
ఒక నెల అవును, మరో నెల కాదు.
కత్తెర పదును, పొగ ఘాటు, వేలికి చుట్టిన గుడ్డ,
మూడున్నరకే చీకటి పడే డిసెంబరు,
టీకి ముందు, టీ తర్వాత,
పక్క బల్ల మిర్డ్జాతో మాట పట్టింపు.
అన్నీ కొంచెం నిజం.
ఏదీ చాలినంత నిజం కాదు.

ఒకసారి అడిగేశాను:
"ఆ యాభై రెండు దగ్గర ఏం జరిగింది?"
తలెత్తకుండానే చెప్పింది:
"ఏమో. మా అమ్మ గొంతు గుర్తుకు రాబోయింది.
రాలేదు."
దాని తర్వాతి డబ్బా ముప్పై ఆరు.
ఆ వారం మొత్తంలో అదే అన్నిటికన్నా వడి.
ముప్పై ఆరుకు కారణం
ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

ఐదు వేళ్లూ ఒక్కలా ఉండవంటారు.
నేను చూసింది వేరు.
ఒకే వేలు
పొద్దున ఎనిమిదింటికి ఒకలా ఉంటుంది,
పదకొండింటికి ఇంకోలా.
కిటికీలోంచి చూస్తే, రేవులో కట్టేసిన పడవ
తాడు పొడవునా జరుగుతుంది, వెనక్కొస్తుంది,
మళ్లీ జరుగుతుంది.
దాన్ని ఎవరూ పుస్తకంలో రాయరు.

ఫిబ్రవరిలో నీళ్లు గడ్డకట్టి,
పడవలు రాక బల్లలు ఖాళీగా ఉన్న రోజు,
స్కైద్రీటె నా పుస్తకం చేయి చాచి అడిగింది.
తన అంకెలు చూస్తుందనుకున్నాను.
నా రాత చూసింది.
"ఇక్కడ నీ నాలుగు నిటారుగా నిలబడింది.
ఇక్కడ గోడకు చేరగిలబడింది.
ఇదిగో, ఇక్కడ రెండు గళ్లు వదిలేశావు.
ఎక్కడికెళ్లావు?"

ఎక్కడికీ వెళ్లలేదు.
ఆమె వెనకే ఉన్నాను, కళ్లు తెరిచే ఉన్నాను.

ఇంటికి నడుస్తూ, జేబులో
బొటనవేలితో స్టాప్‌వాచ్ నొక్కి చూసుకున్నాను.
నొక్కాలనుకోవడానికీ నొక్కడానికీ మధ్య
ఒక సందు. ఒకసారి సన్నగా,
ఒకసారి మనిషి దూరేంత.
ఆ యాభై రెండులో
ఆమెవి ఎన్ని, నావి ఎన్ని?

వదిలేసిన రెండు గళ్లలో
ఆ రాత్రి కూర్చుని
నలభై, నలభై ఒకటి అని వేశాను.
పట్టిక మొత్తంలో ఊల్డిస్ గారికి
ఆ రెండు డబ్బాలే తెగ నచ్చాయి.