మూత కింద ఒరిజినల్

ఆదోని పాత బస్టాండు సందులో నాది జెరాక్సు అంగడి.
ఎదురుగా పత్తి లారీలు నిలబడతాయి.
గాలి తోలితే దూది వచ్చి మిషను మీద పడతాది,
కొంగుతో తుడుస్తాను.

ఉరుకుందు మొదటిసారి వచ్చినప్పుడు
వాని డిగ్రీ కాగితం ఇంకా బిరుసుగా ఉండె.
"పది కాపీలు తీయక్కా" అన్న్యాడు.
ఇప్పుడు ఒకటే తీయమంటాడు.
మడత పడిన చోట వాళ్ళనాయన పేరు చీలిపోయి
కాపీలో నల్ల గీతగా వస్తాది.
పదో తరగతి మార్కులు నాకు నోటికొచ్చు,
లెక్కల్లో తొంభై రెండు.

ఫోటో మాత్రం పాతదే అంటిస్తాడు.
కొత్తది దిగరా అంటే
"కొత్తదాంట్లో మా నాయన మాదిరి ఉండాను మాబున్నక్కా"
అని నవ్వుతాడు.

ఏం చేస్తాండావని ఎవరన్నా అడిగితే
"ప్రిపేర్ అయితాండా."
ఆ మాట వానికి గొడుగు.
ఆరేండ్లకు చువ్వలు బయటపడినాయి గానీ
ముడవడు.

వానితో వచ్చే దస్తగిరి
పోయిన ఎండాకాలం నుంచి కనపడలేదు.
బెంగుళూరు పోయినాడని ఒకరు,
ఇంట్లోనే ఉండాడని ఒకరు.
సుంకులమ్మ అని ఒక పిల్ల, ముత్యాల దస్తూరి,
అందరికీ ఫారాలు నింపి ఇచ్చేది.
సందులో పోతా కూడా ఇటు చూడదు ఇప్పుడు.

వీడు పదకొండుకు వస్తాడు.
అప్పటికి వాళ్ళనాయన మిల్లుకు పోయింటాడు.
ఒకే ఇంట్లో ఒకరికొకరు ఎదురు పడకుండా
అన్నం తినడం నేర్చుకున్నారు ఇద్దరూ.

మధ్యాన్నం నేను తిండికి లేస్తే
స్టూలు మీద కూచుంటాడు.
టోనరు మారుస్తాడు,
ఇరుక్కున్న కాగితం చినగకుండా లాగుతాడు,
అంత సున్నితం నాకూ చేతకాదు.
నెలకింత ఇస్తాలేరా అన్నాను ఒకనాడు.
చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.
"వద్దక్కా, తీసుకుంటే జెరాక్సోడినైపోతా."
నాకు రోంత రోషమొచ్చింది.
నేనెవురిని మరి?

నిన్న పొద్దున మూత ఎత్తితే
వాని డిగ్రీ అద్దం మీదే ఉంది, బోర్లా.
రాత్రంతా అక్కడే పడుకొనింది.
వచ్చి అడగనూ లేదు.
కవరులో పెట్టి గల్లాలో దాచినాను.

ఈ పొద్దు తిని వస్తా ఉంటే
ఇస్కూలు పిల్లోడు ఒకడు అడుగుతాండాడు:
"అన్నా, పేజీ ఎంత?"
"రెండు రూపాయలు."
ఎంత తేటగా చెప్పినాడో!
"ఒరిజినల్ మర్చిపోవద్దురా" అని కూడా అన్న్యాడు.

నేను లోపలికి పోలేదు.
టీ కొట్టు కాడ నిలబడి
ఒక టీ చెప్పినాను,
అది తాగినాక ఇంకొకటి.