పేరులేనివాడి షెడ్డు

ఉలాన్‌బాతర్‌లో మైనస్ ముప్పై రెండు.
షెడ్డు తలుపు తీయగానే బొగ్గుపొగ, దుల్మా కారు
రెండూ ఒకేసారి లోపలికొచ్చాయి.

పొద్దున్నే స్టీరింగ్ మొరాయిస్తుందట.
ఎద్దు మెడ వంచినట్టు రెండు చేతులా వంచాలట.
మధ్యాహ్నానికి మళ్ళీ వెన్న.
ఒకడు మోటారు మార్చాడు, ఇంకొకడు ర్యాకు మొత్తం మార్చాడు.
పాలమ్మిన డబ్బు, ఒక చలికాలమంతా, అక్కడే పోయింది.

నెర్గూయ్ స్కానర్ తగిలించాడు.
తెరమీద ఒక కోడ్, దానికో పొడుగాటి పేరు.
నమ్మలేదు.
అతని పేరుకే అర్థం 'పేరు లేదు' అని.
ముందు పుట్టినవాళ్ళు దక్కక
దయ్యం కన్ను పడకుండా తల్లి పెట్టింది,
మనవైపు పెంటయ్య అని పెట్టినట్టు.
పేరు చాటున ఏం దాక్కుంటుందో అతనికి తెలుసు.

మీటరు మొన ఒకటి బ్యాటరీ మైనస్‌కి,
ఒకటి బాడీ ఇనుముకి ఆనించి
"తిప్పు" అన్నాడు.
దుల్మా పళ్ళు బిగించి తిప్పింది.
ఏమీ ఉండకూడని చోట
ఒకటిన్నర వోల్టు.

ఎర్త్ వైరు.
బోల్టు కింద గోరంత తుప్పు.
గరుకు కాగితంతో రుద్దాడు, మెరిసేదాకా,
మెరిశాక ఇంకాస్త.

"రాత్రంతా బయటే ఉంచు, చలిలో."

తెల్లారకముందే వచ్చింది.
ఒక్క వేలితో చక్రం ఆ చివరికీ ఈ చివరికీ.
ఎంతివ్వాలంటే
బోల్టు వైపు చూశాడు, తుప్పుకి రేటు తెలియక.

గిన్నె ఆకారంలో గడ్డకట్టిన పాలు
స్కానర్ పక్కన పెట్టి వెళ్ళింది.
డిక్కీలో పాత ర్యాకు
మలుపు దగ్గర ఒకసారి దొర్లింది.