కొసరు

ఆరూ నలభై అయిదుకి క్లాసు.
బయట కొండల మీద ఇంకా వెలుగు లేదు.
లోపల ప్రొఫెసర్ సెంతేనో బోర్డు మీద
అప్పుడే ఒక లోకాన్ని మొదలుపెట్టేశాడు:
ఎవరికి ఏది ఎంత ఇష్టమో వాళ్లకు తెలుసు.
ఏ రెండు మూటలు ముందు పెట్టినా
ఇది మేలు, అది మేలు, లేదా రెండూ సమానం.
తెలీదు అనే జవాబు లేదు.

నా పక్కన ఎల్యోదోరో ఆవలించాడు.
నిద్ర ఒక మూట, చదువు ఒక మూట.
నాకు నిజంగానే తెలీదు.

ఆ లోకంలో ఒక వేలంపాటగాడు ఉంటాడు.
ముఖం లేదు, జీతం లేదు, ఉన్నదల్లా గొంతు.
ధరలు చదువుతాడు, ఎవరికెంత కావాలో అందరూ చెబుతారు.
లెక్క కుదరకపోతే మళ్లీ మొదట్నుంచి.
కుదిరేదాకా ఒక్క దుంప చేయి మారదు.

కొచబాంబ సంతలో
మా అత్త ప్రిమితీవా నాలుగింటికే లారీ వెనక నిలబడుతుంది.
ధర తేలేలోపే టార్చి వెలుగులో
సగం బస్తాలు దిగిపోతాయి
తప్పు ధరకే. తిట్లు తర్వాత.
వేలంపాటగాడి సంగతి చెబితే
"అంతసేపు అరిచేవాడికి జావ ఎవరు పోస్తారు?" అంది.

అబద్ధమెందుకు, నాకా సిద్ధాంతమంటే ప్రేమే.
కదలని బిందువు ఒకటి ఉండి తీరుతుందని
అర్థమైన రాత్రి నిద్ర పట్టలేదు.
అత్త పొయ్యి మీద సూపు కలుపుతూ నిలబడ్డాను,
ఎంత తిప్పినా ఉన్నచోటే ఉండే
ఆ ఒక్క చుక్కని వెతుక్కుంటూ.
అడుగంటింది.
తిట్టుకుంటూనే తిన్నారు అందరూ.

ఆగస్టులో రోడ్లు మూశారు.
రాళ్లు, కాలే టైర్లు, పన్నెండు రోజులు.
క్లాసులు లేవు. దుంపల ధర మూడింతలు.
నేను సంతలో తక్కెడ పక్కన కూర్చుని
అసమానతలు దిద్దుకుంటున్నాను.
ఇక్కడ అమ్మేవాళ్లు కొనేవాళ్లని కసేరా అంటారు,
కొనేవాళ్లు అమ్మేవాళ్లనీ అదే మాట అంటారు.
నా నోట్సులో మాత్రం వాళ్లకి వేరువేరు అక్షరాలు.

ఇలారియా అవ్వ వచ్చింది. బేరమాడింది.
అత్త పైసా దిగలేదు.
తూచింది, డబ్బు లెక్కపెట్టింది, మడిచి దోపుకుంది.
అప్పుడు, వెళ్లబోతున్న అవ్వ ఒళ్లోకి
మూడు దుంపలు.
యాపా అంటారు ఇక్కడ. కొసరు.

"కరువులో కూడానా?" అన్నాను.
"ధర రోడ్డుది," అంది బస్తా మూతి కట్టేస్తూ,
"కొసరు నాది."

మిగిలిపోయేదానికే ధర సున్నా అని కదా మా పాఠం.
అందరికీ చాలి, ఇంకెవరూ చేయి చాపనిదానికే.
ఆ మూడు దుంపలకీ ధర సున్నానే,
అటు చూస్తే వరస చివర
ఒక పిల్లాడు వాటినే చూస్తున్నాడు.

పరీక్షలో నాలుగో ప్రశ్న దగ్గర
అరగంట పోయింది ఆ దుంపలతో.
ఏ సూత్రానికి తగిలించినా జారిపోతున్నాయి.
ఇష్టమా? అలవాటా? రేపటి బేరానికి ఈరోజు ఎరా?
ఎరే అయితే లెక్కలోకి వస్తుంది, రాయొచ్చు.
ఇలారియా అవ్వకి ఎనభై ఆరేళ్లు.
రాయలేదు.
నిరూపణలో చివరి రెండు మెట్లు ఖాళీ.

పాస్ కావాలంటే యాభై ఒకటి.
కాగితం చేతికొచ్చాక మెట్ల మీద కూర్చుని కూడాను:
పద్నాలుగు, పంతొమ్మిది, పన్నెండు, అయిదు.
కింద నుంచి పైకి కూడాను.
ఎల్యోదోరోతో కూడించాను.
ప్రతిసారీ యాభై.
పైన ఎర్ర సిరాతో, గుండ్రంగా చుట్టి, యాభై ఒకటి.
ఒక చిన్న గుర్తు మరిచిపోతే
అర మార్కు కోసే మనిషి.

కారిడార్‌లో ఎదురుపడ్డాడు, కోటు నిండా సుద్ద.
"కూడిక సరిచూసుకున్నావా?"
"చూశాను, సార్."
తలూపి, తడిగుడ్డ పట్టుకుని
బోర్డు తుడవడానికి లోపలికి వెళ్లాడు.